గోడ తొర్రలో ఏడు తుట్టెలు

పొద్దు వాలుతుంటే పక్కింటివాళ్లు దోమలకు వేపాకు పొగ వేశారు. ఆ వాసన తగిలితే చాలు, నా వేళ్లు లెక్క మొదలుపెడతాయి. తేనెతుట్టెలు ఏడు, గుమ్మడిపిందెలు నలభై మూడు, ఎల్లవ్వ నాతో మాట్లాడని రోజులు తొమ్మిది. పోలీస్ యాక్షన్ జరిగిన సంవత్సరం నా చేతులారా పోగొట్టినవి ఇవి.

నేను బడికి పోలేదు. గోడ మీద బొగ్గుగీతలు గీసి లెక్క నేర్చుకున్నాను. ఇబ్రహీంపట్నానికి కోడలిగా వచ్చేసరికి మా పక్కిల్లు ఎల్లవ్వది. మొగుడు లేడు, పిల్లలు లేరు. రెండిళ్లకూ మధ్య ఒకటే మట్టిగోడ, దాని తొర్రలో తేనెటీగలు. ఆమె ఇంటికప్పు మీద గుమ్మడితీగ పాకేది. కాయలు అటకెక్కిస్తే ఎండాకాలం దాకా ఆమెకు అవే కూర, కొన్ని పూటలు అవే బువ్వ.

గింజలు కనబడితే ఎవరో ఒకరు ఎత్తుకుపోతారన్న భయంతో ఆ రోజుల్లో అందరూ గోడల్లో దాచి పైన మట్టి మెత్తేవాళ్లు. మా ఇంటాయన ఆ గొడవలకు భయపడి ఊరొదిలి దాక్కున్నాడు. ఇంట్లో మిగిలినవి నాలుగు కుంచాల జొన్నలు. ఎల్లవ్వ చెరువు కింద కలుపుకు పోయిన పూట నేను వేపాకు పొగపెట్టి ఈగలను తరిమి, తుట్టెలు లాగేసి, తొర్రలో జొన్నలు పోసి మెత్తేశాను. ఈగలకన్నా గింజలు ఎక్కువన్నది నా లెక్క.

సాయంత్రం ఎల్లవ్వ వచ్చి గోడ తడిమింది.

"ఈగలేవే?"

"ఎల్లగొట్టిన అవ్వా. జొన్నలు దాచిన. నీకు గూడ ఇస్త."

ఆమె లోపలికి పోయి తలుపేసుకుంది.

ఆ తర్వాత ఆమె తీగకు పిందెలు పసుపెక్కి రాలడం మొదలైంది. రోజూ ఏరి గీతలు గీశాను. తొమ్మిదో రోజుకు నలభై మూడు గీతలయ్యాయి. మర్నాడు ఆమే పిలిచింది.

"ఓ లెక్కల పిల్లా! పూలు మస్తుగున్నయి. పిందెలెందుకు నిలుస్తలేవో జెప్పు."

"నీళ్లు చాల్తలేవేమో."

"నీళ్లట! గీ పువ్వు కాడ కూసో. ఎన్ని ఈగలు వాల్తయో లెక్కవెట్టు."

పువ్వు ముడుచుకునేదాకా కూర్చున్నాను. చీమలు మూడు. ఈగ ఒక్కటీ రాలేదు. అంతదాకా ఉన్నవాటినే లెక్కపెట్టేదాన్ని. రానివాటిని లెక్కపెట్టడం ఆమె దగ్గర నేర్చుకున్నాను.

"ఈగ జేసే పని ఇగ నువ్వే జెయ్యి," అంది.

మర్నాడు తెల్లవారుతూనే నిచ్చెనెక్కాను. ఒట్టి కాడకు పూసిన పువ్వును తెంపి, రెక్కలు ఒలిచి, దాని పొడిని అడుగున పిందె ఉన్న పువ్వు నడుమ రుద్దాలి.

"పిడకలు సరుస్తున్నవానే? జర మెల్లగ!" అని కిందనుంచి నవ్వింది. ఇరవై పూలకు రుద్దితే పదకొండు కాయలు నిలిచాయి.

గింజల కోసం ఎవరూ రానేలేదు. గోడ తవ్వి చూస్తే చెమ్మకు సగం బూజుపట్టాయి. తక్కినవి రెండిళ్లవాళ్లం పంచుకున్నాం. తొర్ర పూడ్చబోతుంటే ఎల్లవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యి. ఏడు తుట్టెలు తీసినవ్. ఏడు నిండేదాక ఈగలకు బాకీ ఉన్నవ్. సగం గట్టింది లెక్కకు రాదు."

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఏటా గోడ మెత్తేటప్పుడు తొర్రకు బొటనవేలంత దారి వదులుతాను. ఈగలు వస్తాయి, పోతాయి. పోయినప్పుడల్లా లెక్క సున్నా నుంచి మొదలు. ఇవాళ ఆ పొగకు బెదిరిపోయాయేమోనని అద్దం ముక్కతో ఎండను లోపలికి మళ్లించి చూశాను. ఉన్నాయి. నిండు తుట్టెలు ఆరు. ఏడోది అరచెయ్యంత.

అది లెక్కకు రాదు. బాకీ ఇంకా ఒకటి.