కొసరు మందు

వీరవెంకటసత్యనారాయణ అని అంత పొడుగు పేరున్న మనిషి పరాయి దేశంలో, ట్రుగనీనా అనే ఊరి గోడౌనులో ఒట్టి ‘వీర్’ అయిపోయాడు. ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు, నలుగురిలో నోరు విప్పడు, సెలవొస్తే కొండల్లోకి వేటకు పోతాడు. మనవాళ్ళ బార్బెక్యూల దగ్గర ఆ వేట సంగతెత్తి అతన్ని ఆటపట్టించనివాడు లేడు. ఒకప్పుడు అతనూ నవ్వేవాడు. కిందటేడు నుంచి నవ్వడం మానేశాడు.

కిందటేడు గిప్స్‌ల్యాండ్ అడవిలో అతను కాల్చిన గుండు ఒక సాంబర్ దుప్పికి గుండెలో తగలాల్సింది పోయి పొట్టలో తగిలింది. నెత్తురు జాడ పట్టుకుని చీకటి పడేదాకా వెతికాడు, మర్నాడూ వెతికాడు. దొరకలేదు. ఆ మూగజీవం ఏ పొదలో పడి ఎంతసేపు కొట్టుకుందో! ఇంటికొచ్చాక అతనికి అన్నం సయించలేదు. భార్య తన్మయి తిట్టలేదు గానీ, అంతకన్నా పెద్ద మాటే అంది.

"మళ్ళీ ఇలా అయితే ఆ తుపాకీ మనింట్లో ఉండకూడదండీ."

అతను సరేనన్నాడు.

పాత రైఫిల్ అమ్మేసి కొత్తది కొన్నాడు. కొట్లో దొరికే తూటాలు దానికి నప్పలేదు. షూటింగ్ క్లబ్బులో కెన్ అనే పెద్దాయన తూటాలు చేత్తో తయారుచేసుకోవడం నేర్పాడు. కాల్చేసిన ఇత్తడి గొట్టాన్ని శుభ్రం చేసి, మందు తూచి పోసి, పైన గుండు బిగించాలి. ప్రతి గొట్టంలోనూ మందు ఒకే తూకం ఉండాలి, కిటుకంతా అక్కడే ఉందన్నాడు. తూకమా, నాకా నేర్పేది అనుకున్నాడు సత్యనారాయణ. సామర్లకోటలో నాన్న కిరాణా కొట్లో చిన్నప్పటినుంచీ తక్కెడ పట్టినవాడు మరి.

అయినా ఏం లాభం? గుళ్ళు ఒకచోట పడితే ఒట్టు. ఒకటి పైకి, ఒకటి పక్కకి, గురి కాగితం నిండా చెల్లాచెదురుగా చిల్లులు. పైగా కాల్చాక ఖాళీ గొట్టం బయటికి తీయడానికి రైఫిల్ బోల్టు ఎత్తబోతే బిగుసుకుపోతోంది. కెన్ ఖాళీ గొట్టాలు చూసి మొహం మాడ్చుకున్నాడు. మందు ఎక్కువవుతోందని, ఇలాగే కాలిస్తే తుపాకీ మొహం మీదే పేలుతుందని చెప్పి మిగిలిన తూటాలన్నీ విప్పించేశాడు. తూకం తప్పలేదని సత్యనారాయణ ఒట్టేసి చెప్పాడు. నిజంగానే తూకం తప్పలేదు.

ఆ ఆదివారం గరాజులో మళ్ళీ కూర్చున్నాడు. ఈసారీ కుదరకపోతే రైఫిల్ పోలీసులకు అప్పగించేయాలని తీర్మానించుకున్నాడు. టీ తెచ్చిన తన్మయి పలకరిస్తే చెయ్యి చెదురుతుందేమోనని గుమ్మంలోనే నిలబడిపోయింది. అతను త్రాసు పళ్ళెంలో మందు పోశాడు, ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టాడు, జాగ్రత్తగా గొట్టంలోకి వంచాడు. వంచి, చెంచాతో డబ్బాలోంచి ఇంకో చిటికెడు తీసి అందులో రాల్చాడు.

"ఆ కొసరు ఎవరికండీ?" అంది తన్మయి.

చెంచా గాల్లోనే ఆగిపోయింది.

అది నాన్న చెయ్యి. పంచదారైనా కందిపప్పైనా, తూచి కాగితంలో పోశాక పైన ఇంకొంచెం వేస్తే గానీ ఆయన పొట్లం కట్టేవాడు కాదు. కొసరు మర్చిపోతే కొడుకని కూడా చూడకుండా మొట్టికాయ వేసేవాడు. ఆయన పోయాడు, కొట్టూ పోయింది. సత్యనారాయణకు మిగిలిందల్లా ఆ చేతి అలవాటే. అదేమో అతనికి తెలియకుండానే ప్రాణం మీదికి తెచ్చింది. దాన్ని వదిలించుకోవాలంటే నాన్నను ఇంకోసారి పోగొట్టుకున్నట్టే అనిపించి సత్యనారాయణ ఏడ్చాడు. తన్మయి టీ పక్కన పెట్టి అతని భుజం మీద చెయ్యేసింది.

ఆ మందు వెనక్కి వంచేశాడు. అప్పటినుంచి తూచాక ముందు డబ్బా మూత బిగించి, ఆ తర్వాతే గొట్టంలో పోయడం అలవాటు చేసుకున్నాడు. పోసిన ప్రతిసారీ చెయ్యి మూత దాకా వెళ్ళి ఆగేది. క్లబ్బులో ఈసారి గుళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని పడ్డాయి. కెన్ కాగితం చూసి తలూపాడు.

చలి ముదిరాక అడవికి వెళ్ళాడు. దుప్పి అడ్డంగా తిరిగి నిలబడేదాకా ఓపిక పట్టి కాల్చాడు. అది నిలబడ్డచోటే కూలింది, మళ్ళీ కదల్లేదు. దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని దండం పెట్టుకున్నాడు.

ఇంటికొస్తే తన్మయి తలుపు తీసింది. ఎన్ని గుళ్ళు పట్టాయని అడిగింది.

"ఒక్కటే," అన్నాడు సత్యనారాయణ. "కొసరు వెయ్యలేదు."