ఎండకు లేచిన గడ్డ

కొండాపూర్‌లో మేముండే ఫ్లాట్ బాల్కనీలో కుండీలను ఆయుష్షును బట్టి సర్దాను. ఒక్క కాలంతో ముగిసిపోయే బంతి, టమాటా ముందు వరుసలో. ఏళ్ల తరబడి బతికే మల్లె, మందారం గోడ వైపు. రెండో ఏడు పూసి చనిపోయే రకాలకు మధ్యలో చోటు వదిలాను. అది ఖాళీగానే ఉండేది.

నా భార్య పుట్టింటి నుంచి తెచ్చి నాటిన ఎర్ర లిల్లీ గడ్డకు చలికాలంలో ఆకులన్నీ ఎండిపోయాయి. దాని ఆయుష్షు అంతేననుకుని, కొత్తిమీర వేద్దామని కుండీ బోర్లించబోయాను.

"ఏంది, మా అమ్మ ఇచ్చిన గడ్డ పారేస్తవా?" అంటూ ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ల్యాప్‌టాప్ తెర నల్లగైతే చెత్తల ఏస్తవా? నిద్రపోయింది, గంతే. నీళ్లు గూడ పొయ్యకు."

మొక్క ఎంత గట్టిదో తోటపని పుస్తకాలు నీళ్లు గడ్డకట్టే చలిని తట్టుకోవడంతో కొలుస్తాయి. మా బాల్కనీకి అసలు పరీక్ష ఎండ. ఎదుటి ఆఫీసు అద్దాల మీద పడి అది రెట్టింపై మా మీదకు వస్తుంది. మే నెలలో మందారం కూడా మొగ్గలు రాల్చేసింది.

అప్పుడే ఒక ఉదయం, ఆ లిల్లీ కుండీలోని ఉత్త మట్టిని చీల్చుకుని, ఒక్క ఆకైనా లేకుండా మొగ్గ పైకొచ్చింది. కొన్నాళ్లకే పిడికిలంత గుండ్రని ఎర్ర పువ్వుగా విచ్చుకుంది. నేను దాని ముందు కూర్చుండిపోయాను. మట్టి కింద చీకట్లో ఉన్నదానికి ఎండాకాలం వచ్చిందని ఎలా తెలిసింది?

"ఇగ ఏ వరుసల పెడతవ్?" అంది ఆమె వెనక నుంచి.

మందారాన్ని కొంచెం జరిపి, గోడ వైపు దానికి చోటు చేశాను.