తెల్ల పూతా, డాంబరా

మా ఆయన మస్కట్ నుంచి పూర్తిగా తిరిగొచ్చేసిన ఆరో నెలలో, కరీంనగర్‌లోని పాత సామాన్ల అడ్డా నుంచి చక్రాలున్న ఇల్లొకదాన్ని జీపు వెనక కట్టుకుని ఖానాపూర్ దాకా ఈడ్చుకొచ్చాడు. నేను అప్పుడు వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తున్నాను. అది గేటు ముందు ఆగగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన, దీన్ని మళ్లీ ఎవరికి అంటగట్టాలా అని.

రోడ్లు వేసే కాంట్రాక్టర్ల దగ్గర ఇలాంటి బండ్లు ఉంటాయి. రోడ్డు ఎంత ముందుకు పోతే బండీ అంత ముందుకు పోతుంది, రాత్రిళ్లు అందులో ఇంజనీరు పడుకుంటాడు. లోపల రెండు మంచాలు, పొయ్యి పెట్టుకోవడానికి ఓ గట్టు, మూలన చిన్న బాత్రూం. గోడలు గట్టిగానే ఉన్నాయి. కప్పు సంగతే అడగొద్దు. రేకుల అతుకులన్నీ తుప్పు పట్టాయి, నడిమధ్యలో పళ్లెంలా కుంగిపోయింది. లోపల నిలబడి పైకి చూస్తే నాలుగు చోట్ల ఆకాశం కనిపించింది. మా ఆయన మాత్రం ఏమీ దిగులుపడలేదు. ఒక పూత పూస్తే సరిపోతుందన్నాడు.

ఆ బండి ఎందుకు కొన్నాడో నాకు తెలుసు. పద్దెనిమిదేళ్లలో ఆయన సెలవులన్నీ పెళ్లిళ్లకీ చావులకీ ఇల్లు కట్టించడానికీ పోయాయి. మేమిద్దరం కలిసి ఎక్కడికీ పోలేదు. కుంటాల జలపాతం మాకు రెండు గంటల దారి కూడా కాదు, అదీ చూడలేదు. బండి వచ్చిన రోజే ఆయన ఒక కాగితం మీద ఊళ్ల పేర్లు రాసుకున్నాడు. బాసర, కుంటాల, ఉట్నూరు, అటు మహారాష్ట్రలో మాహూర్. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని నేను దెప్పితే, నవ్వి ఇంకో ఊరు చేర్చాడు.

ఇదంతా వేడుకే అయితే నేనూ ఓ నవ్వు నవ్వి ఊరుకునేదాన్ని. కానీ మస్కట్‌లో ఆయన పనిచేసిన కూలీల క్యాంపు సాబు మళ్లీ ఫోన్లు చేస్తున్నాడు. వస్తావో రావో జూన్ నెలాఖరుకల్లా చెప్పమన్నాడు. ఇక్కడ మా ఆయనకు చేయడానికి పనంటూ లేదు. పొలం కౌలుకిచ్చాం. ఇంటి సంగతులన్నీ నా చేతిలోనే ఉన్నాయి. ఆయన లేని ఇంటిని ఇన్నేళ్లూ నడిపాను గదా, ఆయన ఉన్న ఇంటిని నడపడం నాకు రాలేదు. పాలవాడికి ఆయన ఒకటి చెబితే నేను ఇంకోటి చెప్పేదాన్ని, పాలవాడు నా మాటే వినేవాడు. ఒకరోజు అన్నం తింటూ, ఏదో కూర సంగతి చెప్పినట్టు చెప్పాడు.

"గీ బండి మంచిగైతే ఉంట. లేకుంటే వస్తనని సాబుకు చెప్త."

నేను ఇంత పచ్చడి వడ్డించి ఊరుకున్నాను. నాకు నోరు పెద్దదని ఊరంతా అంటారు, కానీ అక్కరకొచ్చే మాట దగ్గర అది ఎన్నడూ తెరుచుకోదు. ఆయన మళ్లీ పోతాడేమోనని నాకు చాలా భయం వేసింది. మొదటిసారి పోయినప్పుడు అంత భయం లేదు, అప్పుడు వయసులో ఉన్నాను.

పూత కొనడానికి ఆదిలాబాద్ పోయాం. జిన్నింగు మిల్లుల రేకులకు రంగులమ్మే దుకాణం అది. దుకాణదారుడు తెలుగులో మొదలుపెట్టి మరాఠీలో ముగిస్తాడు, నన్ను వదినా అన్నట్టు వైనీ అనీ, మా ఆయన్ని అన్నా అన్నట్టు భావు అనీ పిలిచాడు. పెళ్లిచూపులకు పిల్లల్ని కూర్చోబెట్టినట్టు డబ్బాలు వరసగా పెట్టాడు. ఒకటి ఎండను తిప్పికొట్టే తెల్లది, ఒకటి రబ్బరులా సాగేది, ఒకటి వెండిరంగుది. డాంబర్ డబ్బా ఒక్కటే ఎవరికీ అక్కర్లేనట్టు మూలన ఉంది. మా ఆయన తెల్లదాని మూత తీయించాడు. పుల్లతో తిప్పి చిక్కదనం చూశాడు. మొదటి పూతలో నీళ్లెంత కలపాలి, రెండోదానికి ఎన్ని గంటలు ఆగాలి అని ఆయన అడుగుతుంటే దుకాణదారుడు స్టూలు తెప్పించి మరీ కూర్చోబెట్టాడు. క్యాంపు ఆఫీసులో ఏసీ కింద రిజిస్టర్లు రాసే మనిషికి ఇదంతా ఎలా తెలుసని నాకు ఒక్క క్షణం అనిపించింది. బేరంలో పడి మర్చిపోయాను.

డాంబర్ తీసుకుందామన్నాను. ఇద్దరూ నవ్వారు. నల్ల పూత పూస్తే లోపల రొట్టెల్లా కాలిపోతామన్నాడు మా ఆయన. మస్కట్‌లో రేకుల గదులన్నిటికీ ఈ తెల్లదే పూస్తారట. మరి అక్కడ వానలెన్ని పడతాయని అడిగాను. ఏడాదికి ఒకటో రెండో పడతాయని, పడితే జనం బయటికొచ్చి ఫోటోలు దిగుతారని హుషారుగా చెప్పాడు. నా ప్రశ్నకు జవాబు ఆయనే చెప్పాడు గానీ, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. భావుకు అన్నీ తెలుసు, మీరు ఫికర్ చేయకండి అని దుకాణదారుడు నన్ను సముదాయించాడు. తెల్ల డబ్బాలు జీపెక్కాయి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండల్లోనే మా ఆయన మూడు రోజులు కప్పు మీద ఉన్నాడు. మోకాళ్ల కింద గోనెసంచి మడతపెట్టుకుని, ఒక మూల నుంచి ఇంకో మూలకి గీత తప్పకుండా పూశాడు. అయ్యాక చూస్తే బండి పెళ్లికొడుకులా ఉంది. లోపల నిజంగానే చల్లగా ఉంది. వాడకట్టులోని ముసలమ్మలు మధ్యాహ్నం కునుకు తీయడానికి వరస కట్టారు. నేనూ రెండు మధ్యాహ్నాలు అందులో పడుకుని, లేచి, బాగుందని ఆయనతో ఒప్పుకున్నాను. అలా ఒప్పుకోవడం నాకు అలవాటు లేని పని. ఆ సాయంత్రం ఆయన పాలవాడితో గట్టిగా మాట్లాడాడు, పాలవాడూ విన్నాడు.

మిరుగం కార్తె వచ్చిన మూడోనాడు తొలివాన పడింది. ఒక పూట కప్పు ఆగింది. మర్నాడు ముసురు పట్టింది, కుంగిన చోట నీళ్లు నిలిచాయి, నిలిచిన చోటల్లా తెల్ల పూత పాల మీద మీగడలా లేచి వచ్చింది. మంచాలు రెండూ తడిసి ముద్దయ్యాయి. ఎండను ఎంత బాగా తిప్పికొట్టిందో, వానకు అంత తొందరగా లొంగిపోయింది. మా ఆయన ఎవరినీ తిట్టలేదు. పరుపులు మోసుకొచ్చి వరండాలో ఆరేశాడు. తర్వాత బీరువా తీసి పాస్‌పోర్టు బయటపెట్టి, ఇంకా ఎన్నేళ్లు చెల్లుతుందో చూసుకున్నాడు. నేను వంటింట్లోంచి చూస్తూనే ఉన్నాను.

పొద్దున వాన తెరిపిచ్చింది. ఫోటోలు దిగడానికి నిర్మల్ పోతున్నానని చెప్పి వెళ్లాడు. వీసా కాగితాలకు ఫోటోలు కావాలని నాకు తెలుసు. ఆయన అటు పోగానే నేను బస్టాండు దగ్గరి దుకాణానికి పోయి ఒక డాంబర్ డబ్బా తెచ్చాను. పాత నూలు చీర ఒకటి చింపి పట్టీలు చేశాను. కొంగు నడుముకు చుట్టి, నిచ్చెన వేసి ఎక్కాను. లేచిన పూతనంతా గీకేసి, రేకులు తుడిచి, ఎండ బాగా తగిలేదాకా ఆగి, అతుకుల మీద డాంబర్ పూసి, పట్టీ పరిచి, దాని మీద మళ్లీ డాంబర్ పూస్తూ వచ్చాను. ఆయన తిరిగొచ్చేసరికి మోచేతుల దాకా నల్లగా ఉన్నాను.

"దిగు. పడ్తవ్" అన్నాడు కిందినుంచి.

"ఏం పడ. గిట్ల పదకొండేండ్లు ఎక్కిన."

ఎప్పుడు ఎక్కావని అడిగాడు. అప్పుడు చెప్పాల్సొచ్చింది. ఈ బంగ్లా కట్టకముందు మాది రేకుల ఇల్లు. ఏటా వానలకు ముందు ఎక్కి, ఇలాగే గుడ్డా డాంబరూ వేసేదాన్ని. మనిషిని పెడదామంటే అందరూ పత్తి చేన్లలో ఉండేవారు. ఒక ఏడు జారి గడ్డివాము మీద పడితే కాలు బెణికింది. ఫోన్లో ఆయనకు జ్వరమని చెప్పాను. ఇల్లు కురుస్తోందంటే అక్కడ నిద్రపోడని, ఇల్లు మంచిగుంది, వానలు మంచిగున్నాయి అనేదాన్ని.

ఆయన నిచ్చెనెక్కి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. రేకు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు తీయలేదు.

"నేను ఆఫీసుల పన్జెయ్యలే" అన్నాడు.

రిజిస్టర్ రాసింది మొదటి రెండు నెలలేనట. మూడో నెల నుంచి చివరిదాకా క్యాంపు గదుల కప్పులకు పూతలు పూశాడు. ఎండకు రేకు మీద చెయ్యి పెట్టలేరట, గోనెసంచి తడిపి మోకాళ్ల కింద వేసుకునేవాళ్లట. ఏసీ అని చెబితే నేను నిశ్చింతగా ఉంటానని అలా చెప్పాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా ఆ మోకాళ్లెందుకు అంత నల్లబడ్డాయని నేను అడిగేదాన్ని. గదిలో బండలు తుడవడం వల్ల అనేవాడు. ఏసీ ఆఫీసరుకు బండలు తుడిచే ఖర్మేమిటని నాకు తోచనే లేదు. అది గుర్తొచ్చి ముందు నాకు నవ్వొచ్చింది. నన్ను చూసి ఆయనా నవ్వాడు. ఇద్దరం ఆ కప్పు మీద కూర్చుని, దారిన పోయేవాళ్లు ఆగి చూసేంతగా నవ్వాం. అన్నేళ్లూ ఇద్దరం కప్పుల మీదే ఉన్నాం. నేను వానకు, ఆయన ఎండకు. ఫోన్లో మాత్రం ఎవరికి వాళ్లం నీడపట్టున కూర్చున్నట్టు మాట్లాడుకున్నాం. తర్వాత నాకు ఏడుపొచ్చింది. డాంబర్ చేతులతో కళ్లు తుడుచుకునే వీలు కూడా లేదు.

"పోకు. నువ్వు పోతే నాకు మంచిగుండది" అన్నాను.

ఆయన నా చేతిలోంచి బ్రష్ తీసుకుని, పట్టీలు పల్లం వైపు నుంచి మొదలుపెట్టాలి, అప్పుడే నీళ్లు అతుకులోకి దూరవు అన్నాడు. అది నాకు పదకొండేళ్లలో తట్టలేదు. మర్నాడు లోపల్నుంచి చెక్క అడ్డుపెట్టి, జీపు జాకీతో కప్పు గుంటను పైకి లేపాడు. డాంబర్ బాగా ఆరాక కూడా దాని మీద తెల్లది పూయొద్దని, పూస్తే మరకలు పైకి తేలతాయని ఆయనే అన్నాడు. వెండిరంగు పూద్దామంటే సరేనన్నాను. అది ఎండనూ తిప్పికొడుతుంది, డాంబర్‌తోనూ కలిసిపోతుంది. ఆ పనులన్నీ అయ్యేదాకా ఆయన మస్కట్ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నెలాఖరు మాత్రం దగ్గరికొస్తూనే ఉంది.

మళ్లీ ముసురు పట్టినప్పుడు ఇద్దరం బండిలోనే కూర్చున్నాం. గట్టు మీద పొయ్యి వెలిగించి చాయ్ పెట్టాను. ఆయన మెడ పైకెత్తి ఒక్కో అతుకునూ చూస్తున్నాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క చుక్క పడలేదు. చాయ్ గ్లాసు అందుకుంటూ, ఇంకా పైకే చూస్తూ అన్నాడు.

"గీ వెండిరంగు ఏడాదే ఆగుతదట. వచ్చే రోహిణిల మళ్ల పూయాలె. ఇద్దరం ఎక్కుదం."

నాకు స్పష్టంగానే వినిపించింది. అయినా రేకుల మీద వాన చప్పుడుకు వినపడలేదని చెప్పి, ఆయన చేత ఆ మాట మళ్లీ అనిపించుకున్నాను.