మూడు గంటల సైరనూ, నా గాడిదా

ఫలానా విద్యలో తనంత మొనగాడు లేడని మనిషి గట్టిగా నమ్మే రోజులు కొన్ని ఉంటాయి. నాకు ఆ రోజులు గోదావరిఖనిలో, బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లో, ఒక కార్టూన్ గాడిద పుణ్యమా అని వచ్చాయి. జంతువులు ఒకదాన్నొకటి తన్నుకునే వీడియో గేమ్ అది. చూడ్డానికి చిన్నపిల్లల బొమ్మల్లాగే ఉంటాయి గానీ, లోపలికి దిగితే పెద్ద చదువే. నా గాడిద వెనక్కి తిరిగితేనే గట్టిగా తన్నగలదు, కానీ తిరిగి ఉన్నంతసేపూ దెబ్బ కాచుకోలేదు. ఎప్పుడు తిరగాలి, ఎంతసేపు ఆగాలి, ఏ జంతువు ముందు ఏ ఎత్తు వెయ్యాలి అని ఒక లావుపాటి నోటుబుక్కు నింపేశాను (డిగ్రీ మూడేళ్ళలో అందులో సగం కూడా రాసిన పాపాన పోలేదు).

అప్పటికి మా నాన్న, అంటే బాపు, ఒంట్లో బాగాలేక బాయి (గని) పని మానేసి ఏడాదైంది. ఆయన ఉద్యోగం నాకొచ్చింది. “ఏందిరా, బాయిల పని చేసే మొగోనివి, గాడిదతోటి ఆటలా?” అని రోజుకోసారి అనకపోతే ఆయనకు అన్నం అరిగేది కాదు. మా ఇంట్లో ఆయన పెట్టిన చట్టం ఒక్కటే. షిఫ్టు సైరన్ మోగిందంటే చేతిలో ఏముంటే అది కింద పెట్టి లేవాలి. “సైరన్ మోగినంక కూసున్నోనికి మస్టర్ పడది” అనేవాడు. మస్టర్ అంటే హాజరు. అది పడకపోతే ఆ రోజు డ్యూటీ లేనట్టే.

ఇంతలో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఆ గేమ్ పోటీ పెట్టారు. ఆ వారం నాది మూడు గంటల రెండో షిఫ్టు కాబట్టి లీవు పెట్టి మరీ వెళ్ళాను. నిజం చెప్పాలంటే నా ఆశ బహుమతి మీద కాదు, బాపు నోటివెంట ఒక్క మంచి మాట మీద. బతిమాలగా బతిమాలగా ఆయన వచ్చి, భుజాన తువ్వాలతో ముందు వరుసలో, ఫ్యాను కింద కూర్చున్నాడు. ఫైనల్లో నా ఎదురుగా జ్యోతినగర్ నుంచి వచ్చిన ఇంజనీరు గారి అమ్మాయి. ఆమెది కుందేలు. మూడింట రెండు గెలిచినవాళ్ళదే పోటీ. మొదటి ఆటలో ఆ కుందేలు నా గాడిదను నేను కళ్ళు నులుముకునే లోపే మట్టి కరిపించింది.

నీళ్ళు తాగుతుంటే బాపు పక్కకొచ్చి నిలబడ్డాడు. “గా కుందేలు దునికే ముందు కుడి చెవి వంచుతదిరా. సూస్తలేవా?” అన్నాడు మెల్లగా. నేను నోరు తెరిచాను. నా నోటుబుక్కులో ఎక్కడా లేని సంగతి అది! “ముప్పై ఏండ్లు బాయిల పైకప్పు సూసుకుంటనే పని చేసిన. కూలే ముందు చిన్నగ చెప్తది, చిన్న పెళ్ళ రాలుతది. గట్లనే ఇదీ” అని మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. నా గాడిదను రోజూ తిట్టిన మనిషి దాని ఆటను ఇంత శ్రద్ధగా చూశాడా అని నాకు ఒళ్ళు పులకరించింది.

రెండో ఆటలో చెవి వంగినప్పుడల్లా తన్నాను, గెలిచాను. మూడో ఆట చివరికొచ్చేసరికి కుందేలు ప్రాణం గోరంత మిగిలింది. ఒక్క తన్ను చాలు. చెవి వంగింది. గాడిదను తిప్పాను. అప్పుడే మూడు గంటల సైరన్ మోగింది. నేను చేతిలోది బల్ల మీద పెట్టి లేచి నిలబడ్డాను! (టిఫిన్ డబ్బా కోసం చెయ్యి చాచానని తర్వాత చూసినవాళ్ళు చెప్పారు.) తెలివొచ్చి చూసేసరికి గాడిద వెల్లకిలా పడి ఉంది, దాని తల చుట్టూ చుక్కలు తిరుగుతున్నాయి. సిగ్గుతో బాపు వైపు తిరిగాను. ఏడాదిగా డ్యూటీ లేని బాపు కూడా లేచి, తలుపు వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

ఆ అమ్మాయి పాపం బిత్తరపోయింది. “ఏమైందన్నా? మళ్ళ ఆడుదమా?” అంది. “వద్దు చెల్లె, నువ్వే గెలిచినవ్” అన్నాను దర్జాగా.

తిరిగొస్తూ హోటల్లో చాయ్ తాగడానికి ఆగాం. చాయ్ చేతికి రాగానే బాపు ఉన్నట్టుండి, “నువ్వంటే లేస్తివి, నేనెందుకు లేసిన్రా?” అని పడీపడీ నవ్వాడు. నవ్వీ నవ్వీ ఇద్దరి చాయ్‌లూ సగం ఒలికాయి. కళ్ళు తుడుచుకుంటూ, “గాడిద మంచిగ కొట్లాడింది బిడ్డా. సైరన్ లేకుంటే కుందేలు పని ఖతమే” అన్నాడు. ఏ మాట కోసం లీవు పెట్టానో ఆ మాట ఓడిపోయాక దొరికింది.

ఇప్పుడు నాది జనరల్ షిఫ్టు. సెలవు రోజుల్లో మధ్యాహ్నం ఆయనా నేనూ ఆడుకుంటాం, ఆయన కుందేలు తీసుకుంటాడు. చివరి ఆట ఎప్పుడూ మూడింటికి పది నిమిషాల ముందే ఎందుకు మొదలుపెడతాడో ఈ మధ్యనే కనిపెట్టాను. సైరన్ మోగగానే నా మోకాళ్ళు వాటంతటవే లేస్తాయి. ఆయన మాత్రం కదలడు. “కూసో బిడ్డా, ఇయ్యాల నీకు డ్యూటీ లేదు” అంటూనే కుందేలును దూకిస్తాడు. కనిపెట్టిన సంగతి నేనింకా ఆయనకు చెప్పలేదు. ఓడిపోయిన ప్రతిసారీ, హాలు నిండా జనం చూస్తుండగా ఖాళీ చేతులతో నిలబడిపోయిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాడి భుజం మీద చెయ్యి వేసి ఆ మాటే చెప్పాలనిపిస్తుంది: కూసో బిడ్డా, ఇయ్యాల నీకు డ్యూటీ లేదు.