'స'తో మొదలయ్యే బళ్ళు

కాలేజీలో నాకు నేర్పిన వాదనా విద్యకి ఒక మొదటి నియమం ఉంది. వాదించేవారు తీర్పు చెప్పకూడదు, తీర్పు చెప్పేవారు వాదించకూడదు. ఈ మధ్య ఒక మిరపకోతల కాలంలో, గుంటూరు బ్రాడీపేటలోని ఒక ఆసుపత్రిలో, ఆ రెండు పనులూ నేనే చేయవలసి వచ్చింది. అది న్యాయమా కాదా అని అప్పుడు తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

సంగతి మా పెదనాన్నది. వినుకొండ దగ్గర మా ఊళ్ళో ఆయన అద్దె కారు తోలుతాడు. పొలం కౌలుకిచ్చి ఊళ్ళో మొదటి సుమో కొన్నది ఆయనే. నాగలి పట్టాల్సిన చేతికి స్టీరింగు ఎందుకని తాతయ్య చాలాకాలం ఆయనతో మాట్లాడలేదట. సుమో తరవాత పాత స్కార్పియో ఒకటి వచ్చింది, ఇప్పుడు తెల్ల స్విఫ్టు ఉంది. పెళ్ళివారిని, మిరప యార్డుకి పోయే రైతులని, నొప్పులొచ్చిన ఆడవాళ్ళని ఆయన గుంటూరు చేర్చాడు. మిరప కోసేసిన చేలో నాకు కారు నేర్పింది కూడా ఆయనే. బ్రేకు మీద అనుమానం వస్తే ముందు మనుషుల్ని దించేయమని, ఆ తరవాతే దాని సంగతి చూడమని చెప్పేవాడు.

ఆ ఏడు పెద్దమ్మ నరసరావుపేటలో పెళ్ళికి వెళ్ళింది. ఆమెను తీసుకురావడానికి వెళ్ళిన పెదనాన్న ఒక్కడే తిరిగి వచ్చాడు. పెద్దమ్మ ఏదని మా నాన్న అడిగితే, "ఎవరు?" అన్నాడట. ఆ మాట వేళాకోళానికి అన్నానని, ఆమె బస్సులో వస్తానందని పెదనాన్న వాదన. తాను అలా అననే లేదని, బస్టాండులో పొద్దు వాలేదాకా నిలబడ్డానని పెద్దమ్మ మాట. సాక్షులు ముగ్గురూ నాకు కావలసినవాళ్ళే. ఒక్కరూ అబద్ధం ఆడేవాళ్ళు కారు. అయినా ఆ మూడు మాటలూ ఒకచోట నిలవవు.

కారు తాళం లాక్కుందామని నాన్న అన్నాడు. డాక్టరు చెప్పాలని పెద్దమ్మ పట్టుబట్టింది. ఇంతలో పక్కింటావిడ వచ్చి, నెలలు నిండిన తన కూతుర్ని వచ్చే సోమవారం గుంటూరు తీసుకెళ్ళాలని అడిగింది. పెదనాన్న సరేనన్నాడు. దానితో ఇల్లంతా కేకలు. చివరికి ఆయనే ఒక షరతు పెట్టాడు.

"మీరంతా ఒక పక్కే మాట్లాడతన్నారు. గుంటూర్లో మన పిల్ల ఉందిగా, అది రెండు పక్కలా వింటది. దాన్ని కూడా ఆసుపత్రికి రమ్మనండి. అది తోలొద్దంటే తోలను."

అలా ఆ తీర్పు నా నెత్తిన పడింది. నేను గుంటూరులో లా చదువుతున్నాను. ఆ శనివారం హాస్టలు నుంచి ఆటోలో బ్రాడీపేట వెళ్ళేసరికి, పెదనాన్న, పెద్దమ్మ అప్పటికే వచ్చి మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఊరి నుంచి ఆయనే తోలుకొచ్చాడు. కోచింగు పిల్లల స్కూటర్లు కిక్కిరిసిన ఆ సందులో, గోడకి జానెడు వదిలి, ఎంతో నేర్పుగా బండి పెట్టానని మురిసిపోతున్నాడు. ఇది ఆయన పక్షాన ఒక సాక్ష్యం అని మనసులో రాసుకున్నాను.

జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టిన అమ్మాయి నాకన్నా కొంచెం పెద్దది, నెమ్మదైన మనిషి. ఏ నెల, ఏ వారం అని అడిగింది. చెప్పాడు. మీది ఏ జిల్లా అంటే గుంటూరు జిల్లా అన్నాడు. ఆమె కాగితం మీద ఏదో గీసింది. మా ఊరు పల్నాడు జిల్లాలోకి వెళ్ళింది నిజమే. కానీ జిల్లా మారిందని గుర్తులేకపోవడం మతిమరుపైతే మా ఊళ్ళో సగం మందిని ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి. అది మతిమరుపు కాదని చెప్పడానికి మాత్రం నా దగ్గర ఆధారం లేదు.

తరవాత ఆమె అంది: "ఇప్పుడు 'స'తో మొదలయ్యే మాటలు, గుర్తొచ్చినన్ని చెప్పండి. మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు వద్దండీ. నిమిషం టైము."

పెదనాన్న ఫ్యాను వైపు చూశాడు. పెద్దమ్మ ఒళ్ళో సంచి ఉంది. ఆమె పొద్దున వండుకొచ్చిన సొరకాయ కూర ఆ సంచిలోని డబ్బాలో ఉంది. ఆయన నోట ఏ మాటా రాలేదు. ఆ నిశ్శబ్దంలో నేను కూడా లోపల ప్రయత్నించాను: సందేహం, సమానత్వం, సాక్ష్యం, సవాలు. అక్కడే ఆగిపోయాను. భయం వేసింది.

"సుమో," అన్నాడు పెదనాన్న.

ఆ తరవాత ఆయన్ని ఆపేవారు లేరు. సాంత్రో, స్కార్పియో, స్విఫ్టు, సఫారీ. మళ్ళీ సుమో. సియెర్రా అన్నాడు, దాని వెనక అద్దం పైకప్పులోకి వంగి ఉండేదని చేత్తో చూపించాడు. సియెలో అన్నాడు, అది ఎక్కిన పెళ్ళికొడుకు గర్వంగా కాలు మీద కాలు వేసుకున్న తీరు చూపించాడు. సుమో. సిటీ, సివిక్కు. నిన్నమొన్న వచ్చిన సెల్టోసు, సోనెట్టు కూడా వచ్చాయి. వాటిని ఆయన ఎప్పుడూ తోలలేదు, రోడ్డు మీద చూశాడంతే. ఆఖర్న మళ్ళీ సుమో అన్నాడు. పరీక్షలో కాదు, ఊళ్ళో అరుగు మీద ఉన్నట్టే ఉన్నాడు.

ఆ అమ్మాయి కలం ఆపేసింది. ఇవన్నీ పేర్లే కదండీ, లెక్కలోకి రావు అంది.

నేను లేచాను. మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు అని మాత్రమే మీరు మినహాయించారు, బండ్ల పేర్లు మినహాయించలేదు. ఆట అయ్యాక నియమం పెట్టడం సమంజసం కాదు. పైగా మా ప్రాంతంలో సుమో అనేది ఒక కంపెనీ బండి పేరుగా మిగల్లేదు. పదిమంది ఎక్కే ఏ బండినైనా సుమో అనే అంటాం. ఈ మాటలన్నీ ఒక్క ఊపిరిలో చెప్పాను. వేదిక మీద ఇంతకన్నా బలహీనమైన వాదనలతో నెగ్గిన రోజులున్నాయి. ఆమె ఆలోచించి, సరే, రెండు రకాలుగానూ రాస్తాను, డాక్టరుగారే చూస్తారు అంది.

నెగ్గాను. కూర్చోగానే పెద్దమ్మ నా చెవిలో, "సొరకాయ కూడా గుర్తు రాలేదే ఆయనకి," అంది. అంతవరకు ఆ మాట నాకు తట్టలేదు. ఏం వచ్చాయో లెక్కపెట్టుకున్నానే గాని, ఏం రాలేదో చూడలేదు. సజ్జలు రాలేదు, సున్నం రాలేదు, సాలు రాలేదు. పొలంలో పుట్టి పెరిగిన మనిషికి నాగటి సాలు రాలేదు. సుమో అన్నిసార్లు ఎందుకొచ్చింది? చెప్పిన సంగతి మరిచిపోయి మళ్ళీ చెప్పాడా? దూరం వెళ్ళేవాళ్ళు టీ కొట్టు దగ్గర ఆగినట్టు, అక్కడ కాస్త ఆగి ముందుకు పోయాడా? ఎటువైపు వాదించమన్నా వాదించగలను. నిజమేదో చెప్పమంటే మాత్రం చెప్పలేను.

డాక్టరుగారు పెద్దవయసాయన. కాగితాలు చూసి నవ్వారు, కార్ల సంగతి బాగుందన్నారు. ఒక్క పరీక్షతో ఏదీ తేలదని, స్కాను తీయించాలని, కొన్ని నెలల తరవాత మళ్ళీ చూస్తేగాని ఏమీ చెప్పలేనని అన్నారు. బండి తోలడం గురించి నేను సూటిగా అడిగాను. అది ఇంట్లోవాళ్ళు దగ్గరుండి గమనించుకుని నిర్ణయించుకోవాలన్నారు. తీర్పు మళ్ళీ నా దగ్గరికే వచ్చింది.

సందులోకి వచ్చాం. పెదనాన్న ముందు, నేను వెనక. ఆయన తెల్ల స్విఫ్టు దగ్గర ఆగి తాళం నొక్కాడు. పలకలేదు. మళ్ళీ నొక్కాడు. నేను అవతలి పక్కకి వెళ్ళి తలుపు గుంజాను.

"అది మనది కాదు," అంది పెద్దమ్మ వెనక నుంచి. "మన సీట్లకి నేను కుట్టిన కవర్లున్నాయిగా. అదిగో, ఆ చివర."

పెదనాన్న నా వైపు చూసి నవ్వాడు. "ఏమే, నీక్కూడా పరీక్ష పెట్టించమంటావా?"

నేనూ నవ్వాను. తెల్ల స్విఫ్టులన్నీ ఒకేలా ఉంటాయి, ఎవరైనా పొరబడతారు. ఇది ఆయన పక్షాన బలమైన వాదన. కాని నేను నా అంతట పొరబడ్డానా, ఆయన వెనక నడిచాను కాబట్టి పొరబడ్డానా? అది ఆలోచించేకొద్దీ నా సాక్ష్యం మీద నాకే నమ్మకం పోయింది.

మా బండి దగ్గర ఆయన ఆగాడు. తాళం అరచేతిలో పెట్టుకుని అడిగాడు: "ఇప్పుడు చెప్పు. సోమారం ఆ పిల్లని నేను తీసుకెళ్ళొచ్చా, వద్దా?"

రెండు ప్రసంగాలూ నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. బ్రేకు గురించి ఆయన నేర్పిన మాట కూడా నాలుక చివరే ఉంది. ఆయన మాట ఆయనకే అప్పజెప్పడానికి నోరు రాలేదు.

"నాకు తెలవట్లేదు పెదనాన్నా," అన్నాను.

"అయితే నువ్వు తోలు," అని తాళం ఇచ్చి ఎడమ పక్క సీట్లో కూర్చున్నాడు. ఆయన ఆ సీట్లో కూర్చోవడం నేను కారు నేర్చుకున్న రోజుల తరవాత ఎప్పుడూ చూడలేదు.

పేరేచర్ల వచ్చింది. అక్కడ రోడ్డు చీలుతుంది. ఒకటి సత్తెనపల్లి వైపు పోతుంది, ఒకటి నరసరావుపేట మీదుగా మా ఊరి వైపు వెళ్తుంది. చీలిక దగ్గరపడుతుండగా ఆయన చెయ్యి ఎత్తి, "కుడికి తిప్పు," అన్నాడు.

కుడి వైపున్నది సత్తెనపల్లి రోడ్డు. అద్దంలో పెద్దమ్మ ముఖం చూశాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. మన రోడ్డు మీద మిరప టిక్కీ బస్తాలు ఎక్కించిన ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయని చుట్టుతిప్పి తీసుకెళ్దామనుకున్నాడేమో. అలాంటి దారులు ఆయనకి చాలా తెలుసు. కాదేమో. అడిగితే అనుమానించినట్టు అవుతుంది. అడక్కపోతే ఎక్కడికో వెళ్తాం. బండి పక్కకి తీసి ఆపాను.

"ఎందుకాపావ్?"

ఆయన ఎదురుగా ఉన్న రోడ్లు రెండూ చాలాసేపు చూశాడు. ఈ మూలన ఆయన ఎన్ని బళ్ళతో తిరిగాడో ఆయనకే లెక్క ఉండదు. ఆయన అద్దం దించి, టీ కొట్టు ముందు నిలబడ్డ మనిషిని పిలిచాడు.

"ఏమయ్యా, నర్సరావుపేటకి ఎటు పోవాలి?"

ఆ మనిషి చేత్తో ఎడమ పక్కకి చూపించి, మళ్ళీ తన టీ తాగుతూ ఉన్నాడు. పెదనాన్న అద్దం ఎత్తేశాడు. "విన్నావుగా, పోనీ," అన్నాడు. దారి అడగడమంటే ఆయనకి జీవితంలో గిట్టని పని. సుమో రోజుల్లో ఎక్కినవాళ్ళు దారి అడుగుదామంటే దిగి నడవమనేవాడు. ఇప్పుడు ఆయన అడిగింది తన కోసమా, నా కోసమా? ఫిరంగిపురం దాటేదాకా అదే ఆలోచన. ఆ రోడ్డు మీద నిజంగానే ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. వాటి వెనక మెల్లగా పోతూ ఘాటుకి ముగ్గురం దగ్గుతూనే ఉన్నాం. ట్రాక్టర్లు ఉన్నాయంటే ఆయన కుడికి తిప్పమన్నది సరైన మాటేనా? ఆయన ఆ ఊసే ఎత్తలేదు.

ఇంటి ముందు బండి ఆపాక తాళం కోసం చెయ్యి చాస్తాడనుకున్నాను. చాచలేదు. తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. డాక్టరుగారు ఏమన్నారని నాన్న అడిగితే, ఇంకా తేలలేదన్నాను. నువ్వు కూడా తేల్చలేకపోతే ఇంకెవరు తేలుస్తారన్నాడు. అన్నం తిని, వినుకొండ వచ్చి గుంటూరు బస్సు ఎక్కేశాను. హాస్టలు గదిలో పుస్తకం తీస్తుంటే తాళం చేతికి తగిలింది.

ఆదివారం పొద్దున్నే ఆయన ఫోను చేశాడు.

"తాళం నీ దగ్గరుందా?"

"నా సంచిలో ఉండిపోయింది పెదనాన్నా. ఇప్పుడే బస్సెక్కి తెచ్చిస్తా."

ఇంకో తాళం పెద్దమ్మ బీరువాలో ఉందని మా ఇద్దరికీ తెలుసు. అటు నుంచి కోడి కూత వినిపించింది.

"ఉండనీలే," అన్నాడు. "ఆ పిల్లకి వినుకొండ నుంచి వేరే బండి మాట్లాడా."

ఏ బండి అని అడిగాను.

"సుమో కాదులే," అని ఫోను పెట్టేశాడు.