పెరటి బండ

మా ఆయన్ని మట్టిలో పెట్టిన రోజు పాస్టరుగారు ఒకే మాట నాలుగుసార్లు అన్నారు, "మన సహోదరుడు ఇంటికి చేరాడు" అని. అందరూ ఆమేన్ అన్నారు. నేను అనలేదు. ఇంటికి చేరడం వేరు, లోపలికి పోవడం వేరు. ఆ తేడా మా ఇంట్లో నాకూ ఆయనకూ తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

నేను చదివింది నాలుగో తరగతి. కూడబలుక్కుని వాక్యం చదువుకునేంత అక్షరం వచ్చు, అంతే. ఈ లోకం మన ఇల్లు కాదు, మన ఇల్లు పైనుంది అని చర్చిలో చెబితే దాన్ని ఎవరూ నాకు విప్పి చెప్పాల్సిన పని లేకపోయింది. ముప్ఫై ఏళ్ళు బెల్లంపల్లిలో బొగ్గుగని క్వార్టర్‌లో కాపురం చేశాను. గోడకు మేకు కొట్టాలన్నా ఇది మనది కాదని గుర్తుచేసుకునేదాన్ని.

మనది కాని ఆ ఇంట్లో చట్టం మాత్రం నాదే. మా ఆయన గని నుంచి వస్తే ముందు తలుపులోంచి రాకూడదు. చుట్టూ తిరిగి పెరట్లోకి రావాలి. అక్కడ ఒక నల్లబండ ఉండేది. దాని మీద కూర్చుంటే నేను బకెట్ నీళ్ళు తెచ్చి పోసేదాన్ని. ఒళ్ళంతా ఉన్న బొగ్గు కడుక్కుని, బట్టలు అక్కడే విడిచి, నేను రమ్మన్నాకే గడప దాటాలి. నీళ్ళు ఒక్క బకెట్టే. రెండోది అడిగితే "గిదేమన్న గోదారా?" అని కసిరేదాన్ని.

ఆయన నవ్వేవాడు. "నీ ఇంట్లకు వచ్చుడు కన్న పరలోకం పోవుడు అల్కగున్నదే!"

ఒకసారి చేతికి కట్టుతో, కాలిపోయే జ్వరంతో వచ్చాడు. అప్పుడు కూడా బండ మీదే కూర్చోబెట్టాను. ఉతికిన దుప్పట్లు మసి అవుతాయని.

ఉద్యోగం అయిపోయింది, క్వార్టర్ అప్పజెప్పాం, కరీంనగర్‌లో బిడ్డ దగ్గరికి వచ్చాం. రెండో అంతస్తు, పెరడు లేదు. కొన్నేళ్ళకు ఆయనకు మతి తప్పడం మొదలైంది. సాయంత్రం నాలుగైతే తువ్వాల, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని లేచేవాడు.

"పా, ఇంటికి పోదాం."

"గిదే ఇల్లు."

"ఇది కాదు."

కాసేపు కిందికి తీసుకుపోయి తిప్పుకొస్తే, మళ్ళీ తలుపు దగ్గరే ఆగిపోయేవాడు. చేతులు తిప్పి తిప్పి చూసుకునేవాడు. "నీ ఇల్లే బాపూ, ఫికర్ చెయ్యకు, రా" అని బిడ్డ చెయ్యి పట్టుకుని తీసుకొస్తే, పరాయి ఇంటికి వచ్చినవాడిలా కుర్చీ అంచున కూర్చునేవాడు. ఎందుకు ఆగుతున్నాడో నాకు తట్టాలి. తట్టలేదు. వేషాలు వేస్తున్నాడనుకున్నాను.

రోజూ ఇదే. బిడ్డ "రేపు పోదాం బాపూ" అని మభ్యపెట్టేది. నాకు అబద్ధం పడదు. మా క్వార్టర్ల లైను కూలగొట్టారని అప్పటికే విన్నాను. తీసుకుపోయి చూపిస్తే సరి అనుకున్నాను.

"కండ్లతోని చూస్తే నోరు మూస్తడు" అన్నాను బిడ్డతో.

"అవ్వా, ముసలాయన్ని గట్ల సతాయించకే."

వినలేదు. పొద్దున్నే బస్సెక్కాం. ఆయన ముఖం అంత వెలగడం నేను ఏళ్ళ తరబడి చూడలేదు. కండక్టర్ వస్తే టికెట్ సంగతి నన్ను చెప్పనివ్వకుండా "ఇంటికి పోతున్నం బిడ్డా" అన్నాడు.

"పోదువు తాతా, ఆగమెందుకు? ఇల్లేమన్న పారిపోతదా?"

బస్సులో నలుగురు నవ్వారు. నేనూ నవ్వాను.

లైను లేదు. ఇటుక ముక్కలు, సర్కారు తుమ్మ, మేకలు. పాత నీళ్ళ ట్యాంకు నుంచి ఏడో ఇల్లు మాది. అడుగులు వేసి ఆ చోటు పట్టుకున్నాను. "సూడు. ఏది నీ ఇల్లు? కండ్లు తెరిచి సూడు" అన్నాను. నా గొంతులో ఎంత సంతోషముందో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

లేని గోడ పక్క నుంచి, అది ఉన్నట్టే, జాగ్రత్తగా చుట్టూ తిరిగి వెనక్కి పోయాడు. బండ అక్కడే ఉంది. దాన్నెవరూ మోసుకుపోలేదు. దాని మీద కూర్చుని, ప్యాంటు పైకి మడిచి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఒకప్పుడు తలుపున్న వైపు చూశాడు.

"నీళ్ళు తేవే. జర జల్ది. ఆకలైతుంది."

అది ఆయన పాత గొంతు.

నా సంచిలో సీసా నిండా నీళ్ళున్నాయి. తిరుగు దారి పొడుగని దాచిన నీళ్ళు. రెండు చేతుల మీద పోసినా చాలేది. పోయలేదు.

"పిచ్చి పనులు జేయకు. లే, బస్సు పోతది."

"కడుక్కోకుంట ఎట్ల వస్తనే? నువ్వే తిడ్తవు గద."

రెక్క పట్టుకుని లేపాను. వచ్చాడు. ఆ తర్వాత ఒక్కసారి కూడా సంచి సర్దలేదు, ఇంటికి పోదామనలేదు. నా మాటే నెగ్గింది. ఆ రోజు కరీంనగర్ చేరాక చూస్తే సీసాలో సగానికి పైగా నీళ్ళు మిగిలున్నాయి. పారబోయడానికి మనసొప్పక బిందెలో పోశాను.

నెల తిరక్కుండానే పోయాడు.

మట్టయిన మూడో రోజు పాస్టరుగారు ప్రార్థనకు వస్తే అడిగాను. "అయ్యగారూ, పైన గా ఇంట్ల మనిషిని రాంగనే లోపటికి పిలుస్తరా, బయట కూసోబెడ్తరా?" ఆయన చాలాసేపు చెప్పారు, పాపం, మంచి మాటలే. నాకు కావలసింది వాటిలో లేదు.

ప్రభువు ఒకసారి నడుముకు తువ్వాలు కట్టుకుని తనవాళ్ళ కాళ్ళు కడిగాడని చిన్నప్పుడే విన్నాను. నాకిప్పుడు మిగిలింది ఆ ఒక్క ఆశే. ఆ ప్రభువే నీళ్ళు తెచ్చి ఉండాలి. లోపటికి రా అని ఆయనే పిలిచి ఉండాలి. లేకపోతే మా ఆయన ఆ ఇంటి వెనక ఎక్కడో ఇంకా కూర్చునే ఉంటాడు. పిలవకుండా గడప దాటడు. ముప్ఫై ఏళ్ళు నేర్పింది నేనే.