వల్లి ఆంటీకి చీటీ

అమెరికాలో నేనుండే ఊరు మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. గంటకో బస్సు. ఇవాళ అది కళ్లముందే వెళ్లిపోతే "ఖల్లి వల్లి" అన్నాను. స్టాపులో వినడానికి మనిషే లేడు.

ఒమన్‌లో, సమాయిల్‌లో ఉన్నప్పుడు అది మా బాపు ఊతపదం. 'పోనీ, వదిలెయ్' అని అరబ్బీలో అర్థం. లీవు దొరకనప్పుడల్లా ఆ మాటే అనేవాడు కాబట్టి, ఏడేళ్ల నేనేమో, వల్లి అంటే కంపెనీలో లీవులిచ్చే ఆవిడనుకున్నాను.

ఇండియాలో, మా ఊళ్లో బాపు వాళ్లమ్మ, మా బాపమ్మ చనిపోతే కడసారి చూపుకు కూడా లీవు దొరకలేదు. బాపు ఫోన్ పెట్టేసి "ఖల్లి వల్లి" అన్నాడు.

మర్నాడు డ్యూటీకి పోతుంటే ఆయన చేతిలో చీటీ పెట్టాను: "వల్లి ఆంటీ, మా బాపును ఊరికి పంపు."

సాయంత్రం అడిగాను, "వల్లి ఏమన్నది బాపూ?"

"ఇంకా సూడలేదట బిడ్డా."

ఆ తర్వాత ఎప్పుడూ బాపు నోట ఆ మాట వినలేదు.